జంట గోడ నడుమ

ఆగండి. ఒక్క క్షణం ఆగి వినండి. వాన చప్పుడు వినిపిస్తోందా? దబదబా కురిసి వెళ్లిపోయే వాన కాదు ఇది, ముసురు. గుండ్లవాగు ఊరి మీద ఎక్కడా చిల్లు లేకుండా మబ్బు కప్పేసి, ఇళ్ల చూరుల నుంచి, గొర్రెల ఉన్ని నుంచి, మనుషుల గొంగళ్ల నుంచి ఆగకుండా నీళ్లు కారుస్తున్న ముసురు. ఆ చప్పుడు చెవిలో ఉంచుకునే మిగతాది చదవండి. ఎందుకంటే ఈ వారం కథంతా ఆ నీళ్లు ఎటు పోయాయన్న దాని మీదే నడుస్తుంది.

ప్రమీలమ్మను మనం ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుంది కదా. దేవరకొండ నుంచి నందికొండ డ్యామ్ పనులకు పోయే బాట పక్కన, ఊరు దాటగానే కనిపించే ఎర్ర ఇటుకల కాన్పుల గదిలో. హైదరాబాద్‌లో నర్సు చదువు చదివి వచ్చిన ప్రమీలమ్మ ఒక్కతే ఆ గదికి దిక్కు. కట్టిన ఏడాదే, మొదటి వానకే, పడమటి కిటికీ మీద గోడ తడిసింది. తడి మరక కిటికీ పై మూలల నుంచి రెండు పాయలుగా కిందికి జారింది. కిటికీ ఏడ్చినట్టే ఉంది చూడటానికి. ఇక ఊళ్లో మాట పుట్టడానికి ఎంతసేపు పడుతుంది? గది కట్టకముందు అదే జాగాలో, డ్యామ్ పనికి పోతున్న పాలమూరు కూలీల బండి ఒకటి వానకు ఆగిందనీ, బండిలో ఉన్న ఆడమనిషి నొప్పులు పడీ పడీ బిడ్డను కనకుండానే కన్ను మూసిందనీ, ఆమె పేరేమిటో కూడా ఎవరూ అడగలేదనీ, గోడలో ఏడుస్తున్నది ఆమేననీ. ఆడవాళ్లు కాన్పులకు రావడం మానేశారు. మంచం ఖాళీ, గది ఖాళీ, ప్రమీలమ్మ చేతులు ఖాళీ.

అప్పుడు వచ్చాడు భిక్షపతి. నేతపని చేసే వెంకటరాజం కొడుకు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టనని మొండికేసి, నందికొండలో ఇంజనీర్ల ఇళ్లు కట్టే చోట చేరి, మేస్త్రీల మీద మేస్త్రీ అయినవాడు. గోడను వేలి కణుపుతో తట్టి నవ్వాడు. ఇది ఒక గోడ కాదు, రెండు గోడలన్నాడు. బయట ఒకటి, లోపల ఒకటి, నడుమ చేయి దూరేంత ఖాళీ, ఎండ లోపలికి దిగకుండా కట్టే పద్ధతి. వానకు బయటి గోడ నానుతుంది, నానిన నీళ్లు ఆ ఖాళీలోంచి కిందికి జారి భూమిలోకి పోతాయి. బాగానే ఉంది, కానీ కిటికీ వచ్చిన చోట? కిటికీ మీది అడ్డబండ దారికి అడ్డం పడుతుంది. నీళ్లు బండ మీద నిలిచి, లోపలి గోడలోకి పాకుతాయి. అందుకని ఆ బండ మీద ఒక పళ్లెం పెట్టాలి. పైఅంచు లోపలి గోడలో దూర్చి, బయటి గోడ వైపు వాలుగా దింపి, కొసలు మోదుగాకు డొప్పలా మడిచి పెట్టాలి. పళ్లెంలో పడ్డ నీళ్లు బయటికి కారిపోవడానికి, బయటి ఇటుకల మధ్య అక్కడక్కడ సున్నం పెట్టకుండా సన్నటి సందులు వదలాలి. అంతే. ఏడుపూ లేదు, పాలమూరు మనిషీ లేదు. గది కట్టిన గుత్తేదారు గోడలు రెండు లేపాడు, పళ్లెం సంగతి మరిచాడు.

భిక్షపతి తండ్రి చేత అతుకు లేని ముతక గుడ్డ ఒకటి నేయించాడు. కాగే డాంబర్‌లో మళ్లీ మళ్లీ ముంచాడు. కిటికీ మీది ఇటుకలు తీయించి, ఆ గుడ్డనే పళ్లెంలా మడిచి తన చేత్తో పరిచాడు. ఇంతలో డ్యామ్ నుంచి పిలుపొచ్చింది. ఇటుకలు తిరిగి పేర్చి మూసే పని ఊరి మేస్త్రీ గుర్వయ్యకు అప్పజెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ముసురు పట్టింది. గోడ మళ్లీ తడిసింది, మునుపటికంటే ఎక్కువగా. పోయిన వారం మనం సెలవు తీసుకున్న చోట, ప్రమీలమ్మ పొద్దున్నే గది తలుపు తీసి, కిటికీ మీద సున్నం పగిలిన చీలికలోంచి బయటికి వస్తున్న దాన్ని చూసి, గడప మీదే ఆగిపోయింది.

తెల్లగా ఉంది. సన్నగా, కొస వంకర తిరిగి. ఒకటి కాదు, పక్కపక్కనే కొన్ని. అప్పుడే పుట్టిన పసిపాప పిడికిలి విప్పుతున్నట్టు.

ప్రమీలమ్మ భయస్తురాలు కాదు. హైదరాబాద్ దవాఖానలో శవాల గది పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషి. అయినా ఆ రోజు పొద్దున గదిలోకి పోయి మంచం మీది దుప్పటి సర్దిందే కానీ, తల ఎత్తి గోడ వంక చూడలేకపోయింది. చూడకపోతే వీపు వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుంది. చూస్తే ఇంకా అధ్వానం, ఎందుకంటే అవి పెరుగుతున్నాయి. పొద్దున గోరంత ఉన్నవి అంబలి వేళకు వేలంత అయ్యాయి. గాలి లేని గదిలో వాటి కొసలు ఒకటే దిక్కుకు, వాకిలి దిక్కుకు, వెలుతురు దిక్కుకు వంగి ఉన్నాయి. ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు.

వానకు డ్యామ్ పని ఆగి భిక్షపతి ఇంటికి వచ్చాడని విని కబురు పెట్టింది. కబురు చేరిందో లేదో తెలియలేదు. అంతకంటే ముందే వాకిట్లోకి బండి వచ్చింది.

బండి బీరన్నది. గొర్రెలు కాసుకునే బీరన్న. బండిలో గొంగడి కింద ముడుచుకుని అతని భార్య జానమ్మ, పక్కన బీరన్న తల్లి సైదమ్మ. ప్రమీలమ్మ ఎదురుచూస్తున్న కాన్పు ఇదే, భయపడుతున్న కాన్పు కూడా ఇదే. జానమ్మకు ఇది రెండో చూలు. మొదటిసారి దేవరకొండ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే, బండిలోనే కాన్పయి, బండిలోనే బిడ్డ పోయింది. ఈసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ప్రమీలమ్మ కిందటి నెలలోనే కడుపు తడిమి చెప్పింది. మొదటి నొప్పికే నా దగ్గరికి తీసుకురా, బండి కుదుపులో ఇలాంటి కాన్పు చేయడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు అని బీరన్నకు మరీ మరీ చెప్పింది. బీరన్న మాట నిలబెట్టుకున్నాడు. ఊరంతా వద్దన్నా తీసుకొచ్చాడు.

కానీ సైదమ్మ ముందు దిగింది. దిగి, కోడలిని అరుగు మీదే కూర్చోబెట్టి, తాను గది గడప దాకా వచ్చింది. గోడ వైపు చూసింది. చూసిన మనిషి కేక వేయలేదు, గుండెలు బాదుకోలేదు. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది, అంతే.

"నర్సమ్మా," అంది సైదమ్మ చివరికి, "నీ మీద నమ్మకంతోనే తోలుకొచ్చిన. గా గోడల్నుంచి చెయ్యి బయటికొస్తాంటె, నా కోడల్ని తీస్కపోయి గా చెయ్యి కిందనే పండవెట్టుమంటవా?"

ప్రమీలమ్మ ఏం చెప్పాలి? అది చెయ్యి కాదనాలి. మరేమిటని అడిగితే? ఆమెకే తెలియదు. వాగు పొంగుతోందని, దేవరకొండ బాటలో వాగు దాటేలోపే కాన్పు జరిగిపోతుందని, బిడ్డ కాళ్లు ముందొచ్చి తల చిక్కుకుంటే బండిలో తాను చేయగలిగింది ఏమీ ఉండదని ఒకటొకటిగా చెప్పుకొచ్చింది. సైదమ్మ అన్నీ విన్నది. విని, వాగు నీళ్లయితే కంటికి కనిపిస్తాయి, దాటాలో ఆగాలో చూసి చెప్పొచ్చు, గోడలో ఉన్నదానితో ఏం బేరం ఆడతాం అన్నది. అది ప్రమీలమ్మ కొట్టిపారేయగల మాట కాదు. ఒక మనవడిని పోగొట్టుకున్న మనిషి మాట.

అరుగు మీద జానమ్మకు నొప్పి వచ్చింది. రెండు చేతులతో గుంజ పట్టుకుని, పళ్లు బిగించి, అది పోయేదాకా ఉగ్గబట్టింది. పోయాక తల తిప్పి అత్తను చూసింది.

"అత్తా, నన్ను ఏడనో ఒక తాన పండవెట్టుండ్రి. గోడతోని మీ కొట్లాట ఎన్కకు వెట్టుకుండ్రి."

బీరన్నకు నవ్వొచ్చింది, అంతలోనే ఆ నవ్వు ముఖం మీద ఎండిపోయింది. ఎద్దుల మెడ నిమురుతూ అటు తిరిగి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు భిక్షపతి, మోకాళ్ల దాకా బురద, చేతిలో ఇనుప చువ్వ. దారిలో గుర్వయ్యను ఇంట్లోంచి లేపుకుని మరీ తీసుకొచ్చాడు. గుర్వయ్య పెద్ద మనిషి, నెత్తిన గొంగడి, నోట్లో ఆరిపోయిన చుట్ట. ఇద్దరూ ముందు వానలో గది వెనక్కి పోయి బయటి గోడ చూశారు. ప్రమీలమ్మ కిటికీ ఊచల్లోంచి వాళ్లను చూస్తోంది. భిక్షపతి కిటికీ మీది ఇటుకల వరుసను వేలితో తడుముకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. అతని ముఖం ఎరుపెక్కింది.

"కాకా, సందులేవి?"

"ఏం సందులు?"

"ఇటుకకు ఇటుకకు నడుమ సున్నం వెట్టకుండ ఇడువుమన్న సందులు."

"మూసిన," అన్నాడు గుర్వయ్య, ఏ దాపరికమూ లేకుండా. "బాలింత పండే అర్ర ఇది. మనింట్ల కాన్పయితె ఎలుక బొక్క గూడ మూస్తం, గాలి సొరకుండ. నువ్వేమో నెత్తి మీదనే బొక్కలు ఇడిషిపెట్టుమంటివి. పెండ్లిగాని పోరనివి, నీకేమెరుక?"

"నీళ్లు పోయే తొవ్వ గది. నువ్వు తొవ్వ మూసినవు, నా పళ్లెం చెరువయింది. నిండి, అంచు దాటి లోపలి గోడకెక్కింది. నందికొండల నా పేరు చెప్తె ఇంజనీర్లు కుర్చీ ఏస్తరు. మనూర్ల దయ్యాన్ని వెట్టినోడినని పేరొచ్చింది."

"గవి నీళ్ల తొవ్వలని నాకు జెప్పినవా?" గుర్వయ్య గొంతు పెరగలేదు, కానీ చుట్ట నోట్లోంచి తీశాడు. "ఇడువుమన్నవు. ఎందుకని అడిగెటాల్లకు సైకిల్ మీద బెల్లు గొట్టుకుంట పోతాన్నవు. నేను నీ ఎన్క ఉర్కాల్నా?"

భిక్షపతికి అప్పుడు తట్టింది. నిజమే. చెప్పలేదు. పళ్లెం పరచడం అంతా తన విద్యే అన్నట్టు, ఇటుకలు మూయడం ఎవరైనా చేసే పని అన్నట్టు వెళ్లిపోయాడు. వాన అతని ముక్కు మీది నుంచి కారుతోంది. తర్వాత భిక్షపతి మెల్లగా, ఇటుక తీద్దాం కాకా అన్నాడు. గుర్వయ్య తన గొంగడి తీసి అతని నెత్తిన వేశాడు. అంతటితో ఆ గొడవ ముగిసింది.

ప్రమీలమ్మ లోపలే ఉండిపోయింది. ఎందుకుండాలనుకుందో ఆమెకే తెలియదు. గోడ విప్పేటప్పుడు లోపలి వైపు ఎవరో ఒకరు ఉండాలనిపించింది. సైదమ్మ గడప అవతల నిలబడి చూస్తోంది. బయట బల్ల లాగిన చప్పుడు. భిక్షపతి దాని మీదికి ఎక్కిన చప్పుడు. ఇనుప చువ్వ సున్నంలో దిగుతున్న చప్పుడు. ఆ దెబ్బ దెబ్బకూ కిటికీ మీది తెల్లని వేళ్లు అదురుతున్నాయి.

సున్నం విరిగింది. గోడ లోపల ఎక్కడో గుటక వేసినట్టు చప్పుడైంది. ఆ వెంటనే బయటి గోడ మీద నీళ్లు, నల్లగా, డాంబర్ వాసనతో, ధార కట్టాయి. భిక్షపతి రెండో సందు పొడిచాడు, మూడోది పొడిచాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఇంత నీరు ఈ గోడలో ఇన్నాళ్లూ నిలబడి ఉందా అని ప్రమీలమ్మ అనుకుంటుండగానే, గుర్వయ్య తాపీతో ఇటుక అంచులు విడగొట్టి, ఇటుకను బయటికి లాగాడు. ఖాళీలోకి భిక్షపతి చేయి పోయింది. ఏదో దొరికిందన్నాడు. మెత్తగా ఉందన్నాడు. పట్టుకుని లాగుతున్నానన్నాడు.

లోపల, కిటికీ మీద, తెల్లని వేళ్లు కదిలాయి.

ప్రమీలమ్మ కళ్ల ముందే అవి ముడుచుకున్నాయి. ఒకదాని వెనుక ఒకటి, చీలికలోకి, గోడలోకి వెనక్కి జారిపోయాయి. కొస వేలు ఒకటి కాస్త ఆగింది, చీలిక అంచును పట్టుకుని వేలాడింది, అది కూడా జారిపోయింది. గోడ మీద చీలిక ఒక్కటే మిగిలింది. సైదమ్మ గడప మీద కూలబడింది. ప్రమీలమ్మ మంచం అంచు పట్టుకుని నిలబడింది.

బయట నవ్వు వినిపించింది. భిక్షపతి నవ్వు.

అతను వానలోంచి అరుగు మీదికి వచ్చి, చేతిలో ఉన్నదాన్ని జానమ్మ పక్కన నేల మీద పెట్టాడు. పిడికిలంత పసుపు గుడ్డ మూట. ఉబ్బి, పిగిలిపోయి, దానిలోంచి నలుదిక్కులా తెల్లటి, పొడుగాటి, రక్తం లేని తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. వాటి కొసల్లో మూసుకున్న కనురెప్పల్లాంటి ఆకులు. ఎండ అంటే ఏమిటో తెలియని మొలకలు.

గుర్వయ్య తల దించుకున్నాడు. అప్పుడు చెప్పాడు. ఏ ఇంటికైనా దర్వాజ నిలబెట్టేటప్పుడు నవధాన్యాల మూట కడతాం కదా. ఇక్కడ ఒకసారి మూసిన గోడను విప్పారు, మళ్లీ మూయాలి. విప్పిన గోడను ఉత్తగా మూయడానికి తన చేయి రాలేదట. అందులోనూ కాన్పుల గది, అందులోనూ ఊళ్లో అలాంటి మాట ఉన్న గది. భార్య చేత పసుపు గుడ్డలో గింజలు కట్టించి, ఆఖరి ఇటుక పెట్టే ముందు ఆ ఖాళీలో వదిలాడట, పుట్టబోయే పిల్లలకు మేలు జరగాలని. వదిలి, సందులన్నీ జాగ్రత్తగా పూడ్చాడు. పళ్లెం నిండింది, గింజలు నానాయి, చీకట్లో మొలిచాయి. లోపలి గోడ చీలికలోంచి గదిలో వెలుతురు సన్నగా కనిపిస్తే దాన్ని పట్టుకుని బయటికి పాకాయి.

సైదమ్మ లేచి వచ్చింది. మూట పక్కన గొంతుకూర్చుంది. ఒక మొలకను తుంచి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది. మరొకటి తుంచింది.

"పెసర," అంది. "గిది బొబ్బెర. గిది ఉలవ." గుర్వయ్య వంక చూడకుండానే, "మంచి ఇత్తులే వెట్టినవు మేస్త్రీ. ఒక్క గింజ పుచ్చలె," అంది.

జానమ్మ నొప్పిలో కూడా నవ్వింది. బీరన్న నవ్వాడు. ఈసారి ఆ నవ్వు ముఖం మీద నిలిచింది. ముసురు మొదలైన దగ్గర్నుంచి ఆ వాకిట్లో మనుషులు కలిసి నవ్వడం అదే మొదలు. ప్రమీలమ్మకు ఏడుపొచ్చింది, ఆపుకుంది. భిక్షపతి మళ్లీ బల్లెక్కి, పాత గుడ్డతో పళ్లెం మూల మూలా తుడిచాడు. కొసలు సరిగ్గా మడిచి ఉన్నాయో లేదో తడిమి చూశాడు. గుర్వయ్య ఇటుక తిరిగి పెట్టాడు. ఈసారి సందులు వదిలాడు, ఒక్కొక్క సందులో పుల్ల దూర్చి చూసి మరీ. గోడ నడుమ ఇప్పుడు చుక్క నీరు లేదు. గింజ లేదు. ఏమీ లేదు.

సైదమ్మే కోడలి చేయి పట్టుకుని గడప దాటించింది. అది చూడవలసిన దృశ్యం. ఇన్నాళ్లుగా కాన్పుకని ఏ ఆడమనిషీ దాటని గడప. దాటుతుంటే జానమ్మ ఆగి, కడుపు మీద చేయి వేసుకుని, గిప్పుడే తన్నిండు అన్నది. ప్రమీలమ్మ ఆమెను కిటికీ కింది మంచం మీద పడుకోబెట్టింది. వెలుతురు అక్కడే ఉంది మరి. నీళ్లు కాగుతున్నాయి. కత్తెర, దారం ఉడికించి పెట్టింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. ఆమె చేతులు ఇక ఖాళీ కావు. ఎదురుకాళ్ల బిడ్డను ఎలా దించాలో, నడుము దాకా వచ్చాక గుడ్డ చుట్టి ఎలా పట్టుకోవాలో, తొందరపడి లాగకుండా ఎలా ఆగాలో, నేర్పిన పెద్ద నర్సు మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటోంది. భయం లేదు. పని ఉంది. పని ఉన్న చోట ఆమెకు భయం ఉండదు.

బిడ్డ గుండె వినే కర్ర గొట్టం తీసింది. ఎదురుకాళ్ల బిడ్డ గుండె బొడ్డుకు పైన వినిపిస్తుంది. అక్కడ పెట్టి, చెవి ఆనించింది.

ఏమీ లేదు.

వాన చప్పుడు అడ్డం వస్తోందనుకుంది. కిటికీ రెక్కలు మూసి మళ్లీ పెట్టింది. కొంచెం ఎడమకు. కొంచెం కుడికి. బొడ్డు కింద కూడా. జానమ్మ సొంత రక్తం పారే చప్పుడు నెమ్మదిగా వినిపిస్తోంది. దాని వెనుక ఉండవలసిన ఆ చిన్న, వేగమైన చప్పుడు లేదు. జానమ్మ పైకి చూస్తోంది.

"పోరడు ఊకున్నడు నర్సమ్మా," అంది మెల్లగా. "గీ అర్రలకు రాంగనె ఊకున్నడు."

ఎదురుకాళ్ల బిడ్డలు ఒక్కోసారి అలా కదలకుండా ఉంటారు, ఏం ఫికర్ లేదని చెప్పింది ప్రమీలమ్మ. లేవబోయి, ఆసరా కోసం చేయి చాపింది. అరచేయి కిటికీ పక్కన గోడకు తగిలింది.

గోడ కొట్టుకుంటోంది.

చేయి వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. తన నాడి అయి ఉంటుందనుకుని రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చూసుకుంది. తన నాడి వేరు, దాని నడక వేరు. గోడలోది చాలా చిన్నది, చాలా వేగమైనది, గట్టి నేల మీద మేకపిల్ల పరిగెత్తినట్టు. నీటి బొట్టు అనుకుందామంటే నీళ్లన్నీ పోయాయి, పళ్లెం తుడిచిన గుడ్డ ఇంకా అరుగు మీదే ఉంది. ఆమె జానమ్మకు కనపడకుండా పక్కకు తిరిగి, కర్ర గొట్టాన్ని గోడకు పెట్టి, చెవి ఆనించింది.

ఎన్నో కడుపుల మీద విన్న చప్పుడు. పొరబాటు పడడానికి వీల్లేని చప్పుడు. లోపలి గోడకు, బయటి గోడకు నడుమ, చేయి దూరేంత ఖాళీలో, పుట్టని బిడ్డ గుండె నిక్షేపంగా, ఆరోగ్యంగా కొట్టుకుంటోంది.

ప్రమీలమ్మ నిటారుగా నిలబడింది. గదిలో ఎవరికీ ఏమీ తెలియదు. సైదమ్మ నిప్పుల మీద వేపాకు వేసి పొగ పెడుతోంది. ఆ ముసలి ముఖంలో ఈ గది మీద మొదటిసారిగా నమ్మకం ఉంది. అరుగు మీద గుర్వయ్య, భిక్షపతి ఒకే అగ్గిపుల్లతో చుట్టలు వెలిగించుకుంటున్నారు. జానమ్మకు మరో నొప్పి వస్తోంది. ఇది ముందటివాటిలా లేదు, నడుము లేచిపోతోంది, ఉమ్మనీరు పోయింది, దుప్పటి తడిసింది. ఉన్నది ఉన్నట్టు చెప్తే సైదమ్మ మరుక్షణం కోడలిని బండెక్కిస్తుంది. బండి వాగు దాకా పోతుంది, వాగు దగ్గర ఏం జరుగుతుందో ప్రమీలమ్మకు తెలుసు. చెప్పకపోతే, కడుపులో చప్పుడు లేని బిడ్డను, ఆ చప్పుడు ఉన్న గోడ కిందే, తన చేతులతో దించాలి. గది దాటించగానే ఆ గుండె మళ్లీ తల్లి కడుపులోకి వస్తుందా? లేక గోడలో ఉన్నంతసేపే అది బతికి ఉంటుందా? అడగడానికి ఎవరున్నారు?

వాకిట్లోంచి బీరన్న గొంతు వినిపించింది. వాగు ఇంకా పెరుగుతాందట, అటు నుంచి వచ్చినవాళ్లు చెప్పారట. ఇంకొంచెం ఆగితే బండి దాటదట.

"నర్సమ్మా, ఇగ మనకు పోయే పని లేనట్టేనా? ఎడ్లను ఇప్పాల్నా?"

ప్రమీలమ్మ అరచేయి ఇంకా గోడ మీదే ఉంది. దాని కింద ఆ చిన్న పరుగు ఒక్కసారిగా వేగం పెంచింది, తనను ఎవరో విన్నారని తెలిసినట్టు. సైదమ్మ పొగలోంచి తలెత్తి ఆమె ముఖం వంక చూస్తోంది. జానమ్మ చూస్తోంది. జవాబు కోసం బీరన్న వానలో, కాడి మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు.

మీరే ఆ గదిలో, ఆ గోడ మీద చేయి పెట్టి నిలబడి ఉంటే, బీరన్నకు ఏమని చెప్పేవాళ్లు?